ఎక్కీ బావూ, దించెత్తాను

విశాఖ బీచ్ రోడ్డులో పది కిలోమీటర్ల చారిటీ రన్‌కి సాధన చేసేవాళ్లకి ప్రధాన శత్రువు ఉక్కపోత కాదు. మోకాలు కాదు, కుక్కలు కూడా కాదు. స్కూటరాయన. ఆయనెవరో పాఠకులకు విడమర్చి చెప్పనక్కర్లేదు. ఈ ఊళ్లో నాలుగు అడుగులు పరుగెత్తిన ప్రతివారికీ ఆయన తగిలే ఉంటాడు.

అప్పూఘర్ దాటాక తెన్నేటి పార్కు వైపు రోడ్డు పైకెక్కుతుంది. సాధనలో ఆ ఎక్కుడు ఊరికే పెట్టుకోరు. అడుగు కురచ చేసి, చూపు పది గజాల ముందు నిలిపి, రెండు ముక్కలకు మించి మాట పెగలనంత ఆయాసంలో నాలుగైదు నిమిషాలు గడపాలి. గుండెకి అదే పాఠం. ఆ పాఠం జరుగుతున్నప్పుడు మనిషి ముఖం చూడ్డానికి ఏమంత బాగోదు. సరిగ్గా అప్పుడే వెనక హారన్, పక్కన స్కూటరు.

"ఏటి బావూ, బస్సెల్లిపోనాదా? ఎక్కీ, దించెత్తాను."

చెయ్యి అడ్డంగా ఊపితే పోతాడనుకోవడం అనుభవం లేనివాళ్ల అమాయకత్వం. ఈయన మొహమాటం అనుకుంటాడు. "డబ్బులేటీ అక్కర్లేదు బావూ" అంటాడు. సాధకుడు వేగం పెంచితే స్కూటరూ పెంచుతుంది, తగ్గిస్తే తగ్గిస్తుంది. పొగంతా సాధకుడి ఊపిరితిత్తులకే. 'వ్యాయామం చేస్తున్నానండీ' అనడానికి కావలసిన గాలి ఆ క్షణాన ఒంట్లో ఉండదు. చివరికి చెప్పి పంపేద్దామని ఆగుతాడు. కొంప మునిగేది అక్కడే.

గట్టిగా పరుగెత్తేటప్పుడు అడుగడుక్కీ పిక్కలు బిగుసుకుని రక్తాన్ని గుండె వైపు పైకి తోస్తుంటాయి. ఉన్నపళంగా నిలబడితే ఆ తోపు ఆగిపోతుంది. కాళ్ల సిరల్లో రక్తం నిలిచి, తలకి చేరేది తగ్గి, కళ్లు తిరుగుతాయి. ఆగకుండా ఐదు నిమిషాలు నెమ్మదిగా నడిస్తే ఏమీ కాదు. నడవనిస్తే కదా!

"నాను సెప్పినాను కదేటి, తూలిపోతన్నాడు!"

ఇక చూడండి విశాఖ వైభవం. మురీ మిక్చర్ బండాయన తన స్టూలు తెచ్చి వేస్తాడు. వాకింగ్‌కి వచ్చిన పెద్దాయన మంకీ క్యాపు పైకెత్తి "షుగరుందా బాబూ?" అని విచారణ మొదలెడతాడు. ఒకావిడ పమిట చెంగుతో విసురుతుంది. "ఫిట్సేమో, చేతిలో ఇనుము పెట్టండి" అని గుంపులోంచి ఒక వైద్య సలహా. అందుబాటులో ఉన్న ఇనుము స్కూటరు తాళం. దాన్ని పీకి సాధకుడి పిడికిట్లో కుక్కుతారు. ఇప్పుడు స్కూటరు కదలదు, దాని వెనక ఆర్టీసీ బస్సు కదలదు. బస్సులో జనం విసుక్కోవచ్చు కదా? విసుక్కోరు. డ్రైవరు దిగొస్తాడు, నీళ్ల సీసాతో సహా. కిటికీలోంచి ఒక చెయ్యి ఓఆర్ఎస్ ప్యాకెట్ అందిస్తుంది.

ఆ ప్యాకెట్ 20.5 గ్రాములు. లీటరు నీళ్లలో కలపమని దాని మీదే రాసి ఉంటుంది. ఇక్కడ గ్లాసుడు నీళ్లలో మొత్తం ఒంపేస్తారు, దయ పలచబడకూడదని కాబోలు. అంత చిక్కటి ద్రావణం లోపలికెళ్తే పేగులు ఒంట్లో నీటిని తమ వైపు లాక్కుంటాయి. దాహం తీరకపోగా కడుపు మెలిపెడుతుంది. ఈలోగా కొబ్బరి బొండాలాయన ఒకటి కొట్టి చేతిలో పెడతాడు. డబ్బులంటే "రేపిద్దురు లెండి" అంటాడు. చెమటలో పోయేది ఎక్కువగా సోడియం, బొండాంలో దండిగా ఉండేది పొటాషియం. లెక్క ప్రకారం ఆ బొండాం ఆ లోటుకి సరైన మందు కాదు. కానీ ఆ మాట ఆయన మొహం మీద అనగల రన్నర్ ఈ ఊళ్లో ఇంకా పుట్టలేదు.

చీలమండ బెణికినవాళ్ల గతి గురించి క్లుప్తంగా చెబుతాను. మొదటి రెండు రోజులూ దాన్ని గట్టిగా రుద్దకూడదు, వాపు పెరుగుతుంది. రుద్దకుండా ఎవరూ వదిలిపెట్టరు.

అందుచేత అధికారులకు నా మనవి. ఈ దయను తక్షణం క్రమబద్ధీకరించాలి. దీనికి రసీదు లేదు, పన్ను మినహాయింపు లేదు, స్పాన్సర్ బొమ్మ లేదు. అసలైన దయకి ఒక పద్ధతుంటుంది. ఫీజు కట్టాలి, చెమట పీల్చని టీషర్టు తొడుక్కోవాలి, ఛాతీ మీద నాలుగు పిన్నీసులతో బిబ్, అంటే రన్నర్ నంబరు చీటీ, గుచ్చుకోవాలి. చివర్న స్టేజీ మీద తలుపంత అట్టచెక్కు పట్టుకుని పళ్లు ఇకిలించాలి.

రన్ రోజు పొద్దున్న ఏం జరుగుతుందో తెలుసుగా. రూటు క్లియరెన్స్ పేరుతో ముందు పీకేసేది బొండాల బండినే. మురీ మిక్చర్ స్టూలు అడ్డమట. నెలల తరబడి అడక్కుండా దాహం తీర్చినవాళ్లు ఆ ఒక్కరోజు ఆక్రమణదారులు.

ఇంకా చీకటుండగానే వచ్చి ఆ రోడ్డంతా ఊడ్చేది పారిశుద్ధ్య కార్మికులు. మామూలు రోజుల్లో రన్నర్ ఎదురొస్తే ఊపిరిలోకి దుమ్ము పోతుందని చీపురు ఆపి పక్కకి తప్పుకునేదీ వాళ్లే. రన్ రోజున వాళ్లకి దక్కేది కప్పులు. నీళ్ల టేబుల్ దగ్గర కప్పు అంచు నొక్కి పట్టుకుని, రెండు గుక్కలు తాగేసరికి రన్నర్ యాభై గజాలు ముందుకెళ్లిపోతాడు. చెత్తబుట్ట ఉండాల్సింది అక్కడ. నిర్వాహకులు దాన్ని టేబుల్ పక్కనే పెడతారు, ఫొటోలో బాగుంటుందని. కప్పులన్నీ రోడ్డు మీదికి, గాలి తిరిగితే ఇసుకలోకి. వంగి వంగి వాటిని ఏరిన మనిషి ఆకలేసి టిఫిన్ కౌంటర్ దగ్గరికొస్తే ఒక కుర్రాడు అడుగుతాడు: "బిబ్ ఏదమ్మా?"

సిగ్గుండాలి. ఆ టీషర్టు వీపు మీద మానవత్వం అని అచ్చేసుకున్నారు కదరా! ఆవిడ వెయ్యి కప్పులు ఎత్తింది. మీరు ఒక్క ఉప్మా పొట్లం ఎత్తి ఆవిడ చేతిలో పెట్టలేకపోయారు. లెక్క తప్పుతుందా? ఆడిటర్ ఉరేస్తాడా? నమోదు చేసుకుని రానివాళ్ల పేరన పొట్లాలు మిగలడం ప్రతి రన్‌లోనూ ఉన్నదే. స్టేజీ వెనక ఎండలో పడి ఉంటాయి. విశాఖ ఉక్కకి మధ్యాహ్నానికల్లా పాచి వాసన పట్టుకుంటుంది. అప్పుడు మైకులో పిలుస్తారు, వాటిని కూడా తీసేసి వెళ్లమని, ఆవిడనే.