మాంద్యంలో ఏంజెల్స్‌ను ఇబ్బంది పెట్టకండి

ఆర్థిక మాంద్యం వచ్చిన ప్రతిసారీ లోకమంతా ఉద్యోగాలు ఊడినవాళ్ల మీద జాలిపడుతుంది. మూతపడిన కంపెనీల గురించి పేజీలకు పేజీలు రాస్తారు. కొత్త కంపెనీల్లో తొలి రోజుల్లోనే సొంత డబ్బు పెట్టే ఏంజెల్ ఇన్వెస్టర్ పడే మనోవేదన మాత్రం ఎవరికీ పట్టదు. మార్కెట్ కుప్పకూలిన వారంలోనే పిచ్ డెక్ (పెట్టుబడి అడిగే స్లైడ్ల కట్ట) పట్టుకుని ఆయన మీద పడే స్టార్టప్ కుర్రాళ్లకు బొత్తిగా కనికరం లేదని, ఇకనైనా పద్ధతి మార్చుకోవాలని చెప్పడానికే ఈ నాలుగు ముక్కలు.

ముందు ఆయన పరిస్థితి అర్థం చేసుకోవాలి. వెంచర్ క్యాపిటల్ వాళ్లకు ఇంత బాధ ఉండదు. వాళ్లు పెట్టేది చాలావరకు పెన్షన్ ఫండ్లు, విశ్వవిద్యాలయాల నిధులు లాంటి వాళ్లు ఇస్తామని ముందే సంతకం చేసిన డబ్బు. ఏంజెల్ పెట్టేది సొంత డబ్బు. అది ఎక్కడో బీరువాలో ఉండదు, ఎక్కువ భాగం షేర్లలోనే ఉంటుంది. 2000 మార్చి 10న అమెరికాలో టెక్ కంపెనీల షేర్లు ఎక్కువగా ఉండే నాస్‌డాక్ సూచీ 5,048 దగ్గర ముగిసింది. 2002 అక్టోబరు నాటికి అందులో దాదాపు 78 శాతం ఆవిరైపోయింది. అంటే నిన్న పది ఉన్నవాడికి ఇవాళ మిగిలింది రెండు. ఆ రెండు కూడా మనం జన్మలో చూడనంత మొత్తం కావచ్చు, అది వేరే సంగతి. ఆయనకు మాత్రం తాను రోడ్డున పడ్డట్టే ఉంటుంది.

కలిసొచ్చే కాలానికి నడిచొచ్చే కొడుకు పుడతాడంటారు. 2020 మార్చి నుంచి రెండేళ్ల పాటు అమెరికా ఫెడరల్ రిజర్వ్ వడ్డీ రేటును సున్నాకు దగ్గరగా ఉంచినప్పుడు స్టార్టప్‌లకు అచ్చం అలాంటి కొడుకులే పుట్టారు. బ్యాంకులో వేస్తే ఏమీ రాదు కాబట్టి, పది స్లైడ్లు చూపించిన ప్రతివాడూ మేధావిలా కనిపించాడు. 2023 జూలై నాటికి అదే రేటు 5.25 నుంచి 5.5 శాతం మధ్యకు చేరింది. ఊరికే కాలు మీద కాలేసుకుని కూర్చుంటే ఐదు శాతం వస్తున్నప్పుడు, నిద్ర మానేసి యాప్ రాస్తున్న మీ మీద ఆయనకు నమ్మకం ఎందుకుండాలి? తప్పు మీ యాప్‌ది కాదని సర్దిచెప్పుకోండి.

ఇప్పుడు ఆయనతో మీటింగ్ ఎలా జరుగుతుందో చూద్దాం. అరగంట వీడియో కాల్. మొదటి పది నిమిషాలు "కాలం ఎలా ఉందో చూస్తున్నారుగా" అనే దానికే పోతాయి. మీరు మూడో స్లైడులో ఉండగా ఆయన చూపు పక్కన ఉన్న ఇంకో స్క్రీన్ మీదికి జారుతుంది. కాస్త పరీక్షగా చూస్తే ఆయన కళ్లద్దాల్లో కిందికి దిగుతున్న ఎర్ర గీత కనిపిస్తుంది. ఆ సమయంలో "సర్, మా మార్కెట్ సైజు..." అంటూ మొదలుపెట్టడం అమానుషం. గీత కొంచెం పైకి లేచేదాకా ఆగండి.

ప్రశ్నలు కూడా మారిపోయాయి. 2021లో ఈ పెద్దమనిషే "ఇంత తక్కువ ఖర్చు పెడితే పోటీవాళ్లు దాటిపోరూ?" అని మందలించాడు. 2023కి వచ్చేసరికి "డిజైనర్ అంత అవసరమంటారా?" అంటున్నాడు. ఆ డిజైనర్‌ను తీసుకోమన్నదీ ఆయనేనని గుర్తుచేస్తే ఆరోజుతో సంబంధం తెగిపోతుంది. పెద్దల మాటలకు తేదీలు వేసి దాచుకోకూడదు.

మాంద్యంలో ఏంజెల్ చేతినుంచి చెక్కు రాదు గానీ, సలహాకు లోటుండదు. 18 నెలలకు సరిపడా డబ్బు చాలదు, 30 నెలలకు ఉంచుకోండి అంటారు. ఆ 30 నెలల డబ్బు కోసమే వచ్చామని మీరంటే, "అదే చెప్తున్నా, ఇప్పుడు అడగడానికి సరైన సమయం కాదు" అంటారు. లాభాల్లోకి రండి, అప్పుడు పెడతాం అంటారు. లాభాల్లోకి వచ్చినవాడికి వీళ్లతో పనేమిటన్న అనుమానం మీకు రావచ్చు. అలాంటి అనుమానాలు స్లైడుల్లో పెట్టకండి. నా ప్రతిపాదన ఒక్కటే, అకౌంటింగ్ ప్రమాణాలు రూపొందించే పెద్దలు దీన్ని ఆలోచించాలి: కంపెనీకి అందిన సలహాలను ఆస్తుల పద్దులో చూపించే వెసులుబాటు ఇవ్వండి. ప్రపంచంలోని స్టార్టప్‌లన్నీ రాత్రికి రాత్రి వంద కోట్ల డాలర్ల విలువ దాటిన యూనికార్న్‌లైపోతాయి. నెలాఖరున జీతాలు కూడా అందులోంచే ఇచ్చేయవచ్చు.

ఇంతకీ ఏంజెల్ నోట "కుదరదు" అన్న మాట మీరు ఎప్పుడూ వినరు. అది ఆయన మర్యాద. కుదరదనేస్తే, రేపు మీరు పెద్దవాళ్లయితే తలుపు మూసుకుపోతుంది. కుదురుతుందనేస్తే చెక్కు రాయాలి. అందుకని గోడ మీదే కూర్చుని, "చాలా ఇంట్రెస్టింగ్‌గా ఉంది, టచ్‌లో ఉండండి" అంటారు. ఇంకాస్త దయగలవాళ్లయితే "లీడ్ ఇన్వెస్టర్ (అందరికంటే ముందు డబ్బు పెట్టేవాడు) దొరకగానే చెప్పండి, నేను వెనకే ఉంటా" అంటారు. మీరు కలిసిన ప్రతివారూ వెనకే ఉంటారు. ఒకరి వెనక ఒకరుగా అంతమంది నిలబడిన ఆ వరసలో మొదటి మనిషి మాత్రం కనిపించడు. పిల్లి మెడలో గంట కట్టే పని మళ్లీ మీ మీదే పడుతుంది.

ఈ మర్యాదకు చరిత్రలో మంచి ఉదాహరణ ఉంది. 2008 వేసవిలో, ఇళ్లలో గదులు అద్దెకిప్పించే ఎయిర్‌బీఎన్‌బీ వ్యవస్థాపకులు తమ కంపెనీకి 15 లక్షల డాలర్ల విలువ కట్టి, లక్షన్నర డాలర్ల పెట్టుబడి కోసం ఏడుగురు ఇన్వెస్టర్లను పరిచయం చేయించుకున్నారు. ఐదుగురు వద్దని రాశారు, ఇద్దరు జవాబే ఇవ్వలేదు. తర్వాత వాళ్లు ఆ ఏడాది అమెరికా అధ్యక్ష పదవికి పోటీపడుతున్న ఒబామా, మెకెయిన్ బొమ్మలతో పొద్దున పాలల్లో వేసుకుని తినే సీరియల్ డబ్బాలు తయారుచేసి ఒక్కోటి 40 డాలర్లకు అమ్ముకుని గట్టెక్కారు. నా లెక్కలో ఆ ఐదుగురూ ధర్మాత్ములు. ఎందుకంటే వద్దని రాశారు. ఆ రోజుల్లో అలా రాసేవాళ్లుండేవారు.

అదే 2008 అక్టోబరులో, అమెరికా పెట్టుబడి బ్యాంకు లేమన్ బ్రదర్స్ దివాలా తీసిన కొద్ది వారాలకే, సెకోయా క్యాపిటల్ అనే వెంచర్ క్యాపిటల్ సంస్థ తాను డబ్బు పెట్టిన కంపెనీల సీఈఓలను పిలిపించి, మంచి రోజులు పోయాయని సమాధి రాయి బొమ్మతో స్లైడు వేసి చూపించింది. ఖర్చులు కోయండి, బతికి బట్టకట్టండి అని చెప్పింది. ఆ తర్వాతి ఏడాదే ఆ సంస్థే వెళ్లి ఎయిర్‌బీఎన్‌బీలో డబ్బు పెట్టింది. అంటే సమాధి చూపించింది అందరికీ, తాను మాత్రం పక్కదారిలో ఇల్లు కొనుక్కుంది. సలహా చెప్పేవాళ్లు దాన్ని తామే పాటించాలని ఎక్కడా రాసిలేదు కదా.

ఇక కొందరు ఏంజెల్స్ నిజంగానే డబ్బు పెడతారు. అప్పుడొస్తుంది అసలు టెన్షన్. మంచి కాలంలో సేఫ్ నోటు (ఇప్పుడు డబ్బిచ్చి, షేర్లు తర్వాత తీసుకునే ఒప్పందం) మీద కొద్ది పేజీల్లో తేలిపోయిన వ్యవహారం ఇప్పుడు లాయర్ల చేతికి వెళ్తుంది. అందులో లిక్విడేషన్ ప్రిఫరెన్స్ అనే క్లాజు, అంటే కంపెనీ అమ్ముడైతే అందరికంటే ముందు ఆయనకు ఎంత దక్కాలో చెప్పే షరతు, దగ్గర కాసేపు ఆగండి. మామూలు రోజుల్లో ఒక రెట్టుతో సరిపెట్టుకునేవారు. ఇప్పుడు "కాలం బాగోలేదు కదా" అంటూ రెండు రెట్లు, దాని మీద పార్టిసిపేషన్, అంటే మిగిలినదాంట్లోనూ వాటా అంటారు. లెక్క చేసి చూద్దాం. ఆయన 10 లక్షలు పెట్టి 20 శాతం వాటా తీసుకున్నారు. నాలుగేళ్లు మీరు రాత్రీపగలూ కష్టపడ్డాక కంపెనీ 30 లక్షలకు అమ్ముడైంది. ఆయన ముందు తన రెండు రెట్లు, అంటే 20 లక్షలు తీసుకుంటారు. మిగిలిన 10లో తన 20 శాతం కింద ఇంకో 2 తీసుకుంటారు. మీకూ మీ సహవ్యవస్థాపకులకూ, షేర్లు రాసిచ్చిన మీ ఉద్యోగులకూ కలిపి 8 లక్షలు. కాగితం మీద మీ అందరి వాటా 80 శాతం. ఆ 80 అంకెను ఫ్రేము కట్టించుకోవచ్చు, దానికి ఎవరూ అడ్డు చెప్పరు.

అలాగని ఆయన భయమంతా నాటకం అనను. ఏంజెల్ పెట్టుబడుల్లో చాలావాటికి పెట్టిన సొమ్ము కూడా తిరిగి రాదు, మంచి కాలంలో సైతం. పోతే పోయేది సొంత డబ్బు, మందలించడానికి పైన బాస్ ఎవరూ ఉండరు, ఇంట్లో ప్రశ్నలు మాత్రం ఉంటాయి. ఆ భయాన్ని మార్కెట్ విశ్లేషణలాగా చెప్పడమే నాకు ముచ్చటగా ఉంటుంది. "భయంగా ఉంది బాబూ" అంటే మీరు లేచి దండం పెట్టి వెళ్లిపోతారు. "మ్యాక్రో పరిస్థితులు స్పష్టమయ్యేదాకా" అంటే ఆరు నెలలు తిరుగుతారు.

మాంద్యంలో ఎలా మసలుకోవాలో తెలియని ఏంజెల్స్ కూడా కొందరున్నారని ఒప్పుకోవాలి. 2009 అక్టోబరులో, ఇంకా అందరూ ఏడుస్తున్న కాలంలో, యాహూలో బ్రయాన్ ఆక్టన్‌తో కలిసి పనిచేసిన కొందరు మిత్రులు ఆయన సహవ్యవస్థాపకుడిగా ఉన్న వాట్సాప్ అనే చిన్న కంపెనీకి రెండున్నర లక్షల డాలర్లు ఇచ్చేశారు. మ్యాక్రో పరిస్థితుల కోసం ఆగలేదు. 2014 ఫిబ్రవరిలో ఫేస్‌బుక్ దాన్ని 1900 కోట్ల డాలర్లకు కొంటున్నట్టు ప్రకటించింది. ఇలాంటి బాధ్యతారాహిత్యం వల్లే కొత్త కుర్రాళ్లకు లేనిపోని ఆశలు పుడుతున్నాయి.

చివరగా ఒక ఆచరణాత్మకమైన విషయం. ఎలాగో ఒకలా మీ రౌండు, అంటే ఈ విడత పెట్టుబడి సేకరణ, పూర్తయి వార్త బయటికొస్తే, ఆ సాయంత్రమే మీ ఫోన్ మోగడం మొదలవుతుంది. ఇన్నాళ్లూ మీ వెనక నిలబడ్డవాళ్లంతా "మాకు కొంచెం చోటు ఉంచారు కదా?" అని అడుగుతారు. చిరాకు పడకండి. వాళ్లు మీకిచ్చింది వాళ్లకు తిరిగి ఇవ్వండి. నమూనా జవాబు ఇదిగో: "సర్, మీ ఉత్సాహానికి ధన్యవాదాలు. ప్రస్తుతానికి రౌండు నిండిపోయింది. ఈ కాలంలో తొందరపడి డబ్బు పెట్టకపోవడమే మంచిదని నా మనవి. కనీసం 30 నెలల ఖర్చులు చేతిలో ఉంచుకోండి. ఇంట్లో డిజైనర్ ఎవరైనా ఉంటే, అంత అవసరమా అని ఒకసారి ఆలోచించండి. టచ్‌లో ఉందాం."