పడిగాపులకు కూలి ఎవరిస్తారు?

పొద్దున్న ఆరున్నరకు కూకట్‌పల్లి వైపు వెళ్లేవాళ్లకు ఈ దృశ్యం కొత్త కాదు. రోడ్డు పక్కన, కూలీలు పని కోసం చేరే అడ్డా మీద వందల మంది నిలబడి ఉంటారు. తాపీ మేస్త్రీల దగ్గర పనిముట్ల సంచి, రంగులేసేవాళ్ల చేతిలో బ్రష్షులు, ఆడవాళ్ల చేతిలో స్టీలు టిఫిన్ బాక్సు. ఎవరిదో బైకు వచ్చి ఆగుతుంది. ఆగీ ఆగకముందే పదిమంది చుట్టుముడతారు. "ఎంతమంది కావాలి సార్?" "ఇద్దరు చాలు. మట్టి ఎత్తాలి, అరపూట పని." ఇక బేరం మొదలు.

ఎనిమిదిన్నర దాకా అందరూ ఒకే రేటు మీద నిలబడతారు. తొమ్మిది దాటితే ఆ రేటు దిగడం మొదలవుతుంది. పదిన్నరకి మిగిలినవాళ్లు "మీరే చూసి ఇవ్వండి సార్" అంటారు. అప్పటికీ పిలుపు రాకపోతే ఆడవాళ్లు ఫుట్‌పాత్ మీదే కూర్చుని టిఫిన్ బాక్సు తెరుస్తారు. మధ్యాహ్నం పని దగ్గర తినాల్సిన అన్నం అది. నాలుగింటికి లేచి వండుకున్నది. తినేసి, బాక్సు కడుక్కుందామంటే అక్కడ కొళాయి ఉండదు. అలాగే మూతపెట్టుకుని బస్సెక్కి వెళ్లిపోతారు.

ఆరున్నర నుంచి పదిన్నర దాకా, నాలుగు గంటలు. ఈ నాలుగు గంటలకు ఎవరూ కూలి ఇవ్వరు. ఏ ప్రభుత్వ రికార్డులోనూ అవి కనబడవు. హైదరాబాద్‌లో పనికి కొదవ లేదని మనం గొప్పగా చెప్పుకుంటాం. అది నిజమే. కోకాపేటలో అపార్ట్‌మెంట్లు లేస్తూనే ఉన్నాయి, ఫంక్షన్ హాళ్లు నిండుతూనే ఉన్నాయి, రాత్రి పదకొండింటికి కూడా బిర్యానీ ఆర్డర్లు వస్తూనే ఉన్నాయి. కానీ ఒక రోజు పనికో, రెండు వారాల పనికో మనిషి తనంతట తాను వెతుక్కుంటూ వెళ్లాలంటే దానికి ఒక ఖర్చు ఉంది. ఆ ఖర్చు మొత్తం పనివాడి నెత్తినే పడుతోంది. నా అభ్యంతరం అంతా దీని మీదే.

యాప్‌లు వచ్చాక ఈ బాధ తప్పుతుందని చాలామంది నమ్మారు, నేనూ నమ్మాను. మధ్యవర్తి ఉండడు, ఫోన్ తీస్తే పని అన్నారు. ఇప్పుడు ఏ మెట్రో పిల్లర్ నీడన చూసినా డెలివరీ కుర్రాళ్లు బైకుల మీదే కూర్చుని ఫోన్ స్క్రీన్ చూస్తూ కనబడతారు. అడ్డా దగ్గర చూపులు రోడ్డు మీద ఉంటాయి, ఇక్కడ స్క్రీన్ మీద ఉంటాయి, అంతే తేడా. పన్నెండు గంటలు లాగిన్‌లో ఉన్న కుర్రాడికి అందులో ఆర్డర్ మీద తిరిగిన గంటలకే డబ్బు. మిగతాది ఎదురుచూపు. పైగా అడ్డా మనిషికి పెట్టుబడి అంటే పనిముట్లు, ఒక టిఫిన్ బాక్సు. ఈ కుర్రాడికి బైకు ఈఎంఐ, పెట్రోలు, ఫోను, డేటా, కంపెనీ టీషర్టు, బ్యాగు. రెండు నెలలు చేసి మానేద్దాం అనుకుని దిగినవాళ్లు బైకు అప్పు తీరక రెండేళ్లయినా అదే పనిలో ఉండిపోతున్నారు. తాత్కాలికం అన్న మాట ఇక్కడ చాలా మోసం చేస్తుంది.

నీతి ఆయోగ్ 2022లో ఇచ్చిన నివేదిక ప్రకారం 2020-21లో దేశంలో గిగ్ పనివాళ్లు, అంటే నెల జీతం ఉద్యోగం కాకుండా యాప్‌ల మీదో పని లెక్కనో చేసేవాళ్లు, 77 లక్షల మంది. 2029-30 నాటికి 2 కోట్ల 35 లక్షలు అవుతారని అంచనా. అడ్డాల మీద నిలబడే పాలమూరు, శ్రీకాకుళం, విజయనగరం, ఒడిశా కూలీలు మామూలుగా ఈ లెక్కలోకి రారు. కృష్ణానగర్‌లో షూటింగ్ పిలుపు కోసం చూసే జూనియర్ ఆర్టిస్టులు కూడా అంతే. నా దృష్టిలో వీళ్లందరిదీ ఒకే సమస్య. రేపు పని ఉంటుందో లేదో ఈ రోజు తెలియదు.

క్యాటరింగ్ సంగతి నాకు దగ్గరగా తెలుసు. చదువు అయిపోయి అమీర్‌పేట హాస్టల్‌లో ఉన్న రోజుల్లో నేను కూడా వెళ్లాను. అప్పట్లో ఒకరు ఇంకొకరికి చెప్పుకునేవాళ్లం, ఇప్పుడు వాట్సాప్ గ్రూపులు ఉన్నాయి. "రేపు సాయంత్రం 20 మంది బాయ్స్ కావాలి, నల్ల ప్యాంటు, తెల్ల షర్టు, షూ కంపల్సరీ" అని మెసేజ్ వస్తుంది. మొదట ఎవరు చెయ్యెత్తితే వాళ్లకి. నాకు షూ లేకపోతే రూమ్మేట్‌వి వేసుకుని వెళ్లాను, సైజు సరిపోక రాత్రి ఒంటిగంటకు మడమలు బొబ్బలెక్కాయి. వడ్డన అయ్యాక డబ్బులు అడిగితే "రేపు ఇస్తా తమ్ముడూ, పార్టీ ఇంకా సెటిల్ చేయలేదు" అన్నాడు తీసుకెళ్లినతను. ఆ రేపు ఇప్పటికీ రాలేదు. ఎక్కడికి వెళ్లి అడగాలి? ఫంక్షన్ హాలు వాళ్లకు మేమెవరో తెలియదు. పెళ్లివారికి అసలే తెలియదు. చేసిన పనికి చిన్న కాగితం ముక్క కూడా లేదు. ఆ రాత్రి బస్సులు లేక నడిచి వచ్చిన దూరం కన్నా, అడగడానికి ఒక మనిషి అంటూ లేకపోవడమే నన్ను ఎక్కువ బాధపెట్టింది.

ఈ పనికి ఇంకో గండం ఉంది. ముహూర్తాలు. 2024లో ఏప్రిల్ ఆఖరులో శుక్ర మూఢం పట్టింది, అది వదిలేసరికి ఆషాఢం వచ్చింది. వేసవి సెలవుల్లో నాలుగు డబ్బులు చూసుకుందామనుకున్న కుర్రాళ్లకు శ్రావణం దాకా పెళ్లి పనులు లేవు. పూలవాళ్లు, లైటింగ్ వాళ్లు, బ్యాండు వాళ్లు, షామియానా వాళ్లు అందరిదీ అదే కథ. మూఢం ఎప్పుడొస్తుందో పంచాంగం ముందే చెబుతుంది. అయినా ఆ మూడు నెలలు వీళ్లు ఏం తిని బతకాలన్న ప్రశ్న ఎవరికీ రాలేదు.

ఇలా పని లేని రోజుల్లోనే మోసాలు వీళ్లను దొరకబుచ్చుకుంటాయి. కరెంటు స్తంభాలకు అతికించిన "పార్ట్ టైమ్ జాబ్స్, రోజూ పేమెంట్" కాగితాలు, టెలిగ్రామ్‌లో "వీడియోకి లైక్ కొడితే డబ్బు" మెసేజ్‌లు. మొదట వంద రూపాయలు వేసి నమ్మిస్తారు, తర్వాత రిజిస్ట్రేషన్ ఫీజనీ డిపాజిట్ అనీ వేలు లాగేస్తారు. పని ఇవ్వడానికి ముందే డబ్బు అడిగితే అది పని కాదు. ఊరి నుంచి కొత్తగా వచ్చిన పిల్లలకు ఈ ఒక్క మాట ఇంట్లోవాళ్లు చెప్పి పంపినా చాలా డబ్బు మిగులుతుంది.

చట్టాలు లేవా అంటే ఉన్నాయి. కానీ అవి ఈ మనుషుల దాకా వచ్చేసరికి ఒక అంకె దగ్గర ఆగిపోతాయి. ఆ అంకె 90. భవన నిర్మాణ కార్మికుల చట్టం 1996లో వచ్చింది. నిర్మాణ ఖర్చులో ఒక శాతం సెస్సు వసూలు చేసి సంక్షేమ బోర్డుకు ఇస్తారు. ఆ బోర్డులో పేరు నమోదు కావాలంటే గడిచిన ఏడాదిలో 90 రోజులు నిర్మాణ పని చేసి ఉండాలి. రోజుకో యజమాని దగ్గర పనిచేసే అడ్డా కూలీకి ఆ 90 రోజులు ఎవరు రాసిస్తారు? బైకు మీద వచ్చి ఇద్దర్ని తీసుకెళ్లినాయన పేరు కూడా వీళ్లకు తెలియదు. 2020 సామాజిక భద్రత కోడ్ 2025 నవంబరు 21 నుంచి అమల్లోకి వచ్చింది. గిగ్ పనివాళ్లను చట్టం మొదటిసారి గుర్తించింది, సంతోషం. దాని కింద కేంద్రం ఇచ్చిన ముసాయిదా నిబంధనల్లో మళ్లీ అదే 90 రోజులు. ఒకటికి మించి కంపెనీల్లో చేస్తే 120. సెలవుల్లో రెండు నెలలు డెలివరీ చేసే విద్యార్థి, పంట చేతికి రాని రెండు నెలలు నగరానికి వచ్చిపోయే రైతు ఈ గీతకు ఇవతలే ఉండిపోతారు. నిజంగా కొద్ది రోజుల పని చేసేవాళ్లే కొద్ది రోజుల పనివాళ్ల చట్టానికి అందకపోవడం నాకు మింగుడుపడటం లేదు.

తెలంగాణ ప్రభుత్వం 2023 డిసెంబరులో గిగ్ కార్మికులకు 5 లక్షల రూపాయల ప్రమాద బీమా ప్రకటించింది, 2025లో ప్రత్యేక చట్టానికి ముసాయిదా బిల్లు తెచ్చింది. షేక్ సలావుద్దీన్ నాయకత్వంలోని తెలంగాణ గిగ్ అండ్ ప్లాట్‌ఫాం వర్కర్స్ యూనియన్ ఏళ్ల తరబడి చేసిన పోరాటానికి ఇందులో వాటా ఉంది. పొరుగున కర్ణాటక చట్టం యాప్‌లో పనివాడి ఐడీ తీసేయాలంటే 14 రోజుల ముందు నోటీసు ఇవ్వాలంటోంది. ఇవన్నీ కావాల్సినవే. అయితే ఇవి ప్రమాదం గురించి, పని పోవడం గురించి మాట్లాడుతున్నాయి. ఎదురుచూపు గురించి మాట్లాడటం లేదు.

ఎదురుచూపును పనిగా లెక్కించడం అసాధ్యమేమీ కాదు. బ్రిటన్ సుప్రీంకోర్టు 2021 ఫిబ్రవరిలో ఊబర్ డ్రైవర్ల కేసులో, తన ప్రాంతంలో యాప్ ఆన్ చేసి రైడ్‌కు సిద్ధంగా ఉన్న సమయం కూడా పని సమయమే అని తేల్చింది. న్యూయార్క్ నగరం డెలివరీ పనివాళ్లకు పెట్టిన కనీస చెల్లింపులో ఆర్డర్ కోసం ఆగిన సమయం కలిసే ఉంటుంది. అంత దూరం వెళ్లనక్కర్లేదు. మహారాష్ట్రలో 1969లోనే మాథాడీ చట్టం వచ్చింది. ముంబయి మార్కెట్లలో బస్తాలు మోసే హమాలీలది కూడా రోజుకో షాపు, పూటకో యజమాని. అన్నాసాహెబ్ పాటిల్ లాంటి నాయకులు వాళ్లను కూడగట్టారు. చట్టం కింద ఏర్పడిన బోర్డుల్లో అటు వ్యాపారులు, ఇటు హమాలీలు పేర్లు నమోదు చేసుకోవాలి. వ్యాపారి కూలి డబ్బు, దాని మీద కొంత లెవీ బోర్డుకు కడతాడు. బోర్డు హమాలీకి కూలి ఇస్తుంది, పీఎఫ్, గ్రాట్యుటీ చూస్తుంది. యజమాని మారితే హక్కు పోదు, ఎందుకంటే లెక్క బోర్డు దగ్గర ఉంటుంది. స్మార్ట్‌ఫోన్ ఊహ కూడా లేని కాలంలో కాగితాల మీద చేసిన పని అది. ఇప్పుడు ఎవరు ఎన్ని నిమిషాలు ఎక్కడ ఆగారో కంపెనీల సర్వర్లలో సెకన్లతో సహా ఉంది. మనకు కుదరదంటే నేను ఒప్పుకోను.

పని వెతుక్కునే ఈ ఖర్చును అనుకోకుండా తగ్గించిన పథకం మన దగ్గరే ఒకటి ఉంది. 2023 డిసెంబరులో తెలంగాణలో ఆడవాళ్లకు ఆర్టీసీ బస్సు ఉచితం చేశారు. దాని మీద రాజకీయంగా ఎన్నో మాటలు విన్నాం. అడ్డా మీద నిలబడే ఆడమనిషికి మాత్రం అది పని వెతుక్కునే ఖర్చు తగ్గడమే. ఇక్కడ పిలుపు రాకపోతే ఇంకో అడ్డాకు వెళ్లి చూడొచ్చు, ఉత్త చేతులతో ఇంటికి పోయే రోజున ఛార్జీలైనా మిగులుతాయి. చెన్నై కార్పొరేషన్ 2025లో అణ్ణా నగర్‌లో గిగ్ పనివాళ్ల కోసం ఏసీ విశ్రాంతి గది కట్టింది. మన నగరంలో నాకు ఏసీ కూడా అక్కర్లేదు. ప్రతి పెద్ద అడ్డా దగ్గర ఒక షెడ్డు, ఒక కొళాయి, ఆడవాళ్లకు ఒక బాత్రూమ్, కార్మిక శాఖ నుంచి పొద్దున్న ఆరు నుంచి పదకొండు దాకా కూర్చునే ఒక ఉద్యోగి, ఆయన ముందు ఒక రిజిస్టరు కావాలి. కూలీలను తీసుకెళ్లేవాళ్లు పేరు, ఫోన్ నంబరు, ఒప్పుకున్న కూలి రాసి తీసుకెళ్లాలి. పిలుపు రానివాళ్లు వచ్చినట్టు వేలిముద్ర వేసి వెళ్లాలి. ఆ పుస్తకంలో ఒక కూలీ పేరు మీద 90 రోజులు నిండాయంటే, కార్డు ఇవ్వడానికి సంక్షేమ బోర్డు ఇంకే కాగితమూ అడగకూడదు.