టైమర్ వైర్లను ‘డైరెక్ట్’ చేయకండి

“పాత సెమీ ఆటోమేటిక్ వాషింగ్ మెషిన్ టైమర్ పాడైందా? మెకానిక్ అక్కర్లేదు!” అనే మెసేజ్ మళ్లీ గ్రూపులన్నీ చుట్టేస్తోంది. నాబ్ వెనక్కి తిప్పమంటుంది, లోపల కొబ్బరినూనె పోయమంటుంది, ఏ టైమరైనా వైర్ల రంగులు చూసి బిగించమంటుంది, చివరికి టైమర్ తీసేసి వైర్లు ‘డైరెక్ట్’ చేయమంటుంది, అంటే కరెంటు నేరుగా మోటారుకి ఇమ్మంటుంది.

నాబ్ సంగతి: కొన్నింట్లో వెనక్కి తిప్పితే జారిపోయే క్లచ్ ఉంటుంది, ఏమీ కాదు. లేనివాటిలో లోపలి చక్రాల పళ్లు విరుగుతాయి. ఏ రకమో పైనుంచి తెలియదు కాబట్టి తిప్పొద్దు.

రంగుల సంగతి: కంపెనీకో పద్ధతి. వైర్లు విప్పేముందు ఫోటో తీసుకోండి. కొత్తది కొనేటప్పుడు వైర్ల సంఖ్య, షాఫ్ట్ (నాబ్ తగిలించే కడ్డీ) పొడవు, దాని కోత, స్క్రూ రంధ్రాల మధ్య దూరం, నిమిషాలు (వాష్‌కి సాధారణంగా 15, డ్రయర్‌కి 5), బజర్ ఉందా లేదా అన్నవి పాతదానితో సరిపోవాలి. పాతది చేత్తో పట్టుకెళ్లడమే మేలు.

కొబ్బరినూనె మాత్రం టైమర్‌ని చంపేస్తుంది. లోపల టిక్ టిక్ మనే భాగం చాలా తేలికైనది, జిడ్డు పడితే ఆగిపోతుంది. పాయింట్ల (లోపల కరెంటు కలిపే లోహపు బిళ్లల) మీద పడిన నూనె నిప్పురవ్వలకు మాడి బొగ్గుపొరవుతుంది, ఆ తర్వాత కరెంటు సరిగా అందదు. పాయింట్లు నల్లబడితే ప్లాస్టిక్‌కి హాని చేయని కాంటాక్ట్ క్లీనర్ (పాయింట్లు శుభ్రం చేసే స్ప్రే) కొద్దిగా కొట్టి, పూర్తిగా ఆరనివ్వండి. గరుకు కాగితంతో రుద్దితే వెండిపూత పోతుంది.

ఇక ‘డైరెక్ట్’. ఇది ఎవరు రాశారో గానీ మెషిన్ వెనక మూత ఎప్పుడూ విప్పినట్టు లేరు. “రెండు వైర్లు కలపండి” అట! వాష్ టైమర్‌కి నాలుగైదు వైర్లుంటాయి, ఏ రెండు కలపాలి? కుడికీ ఎడమకీ తిప్పే వైర్లను కలిపితే కెపాసిటర్ (మోటారు తిరగడానికి ఊతమిచ్చే భాగం) రెండు కొసలూ ఒకటైపోతాయి. మోటారు తిరగదు, గుంయ్ మంటూ వేడెక్కి వైండింగ్ (లోపలి తీగచుట్ట) కాలుతుంది. లైను వైరుకి ఒకదాన్నే కలిపితే మోటారు ఒకే వైపు తిరుగుతూ బట్టల్ని తాడులా మెలిపెడుతుంది.

డ్రయర్‌కి డైరెక్ట్ ఇస్తే ఇంకా ప్రమాదం. అక్కడ టైమర్, మూత స్విచ్ ఒకే లైనులో వరసగా ఉంటాయి. ప్లగ్ నుంచి నేరుగా మోటారుకి లాగితే రెండూ పోతాయి. మూత తీసినా మోటారు ఆగదు. మూత తీయగానే డ్రమ్మును ఆపే బ్రేకు పట్టుకుంటుంది, మోటారు లాగుతుంది, రెండూ కాలతాయి. ఆ తిరిగే డ్రమ్ములో పిల్లలు చెయ్యి పెడితే? ఈ చిట్కా పంపినవాళ్లు ఏం జవాబు చెబుతారు?

మరొకటి. స్ప్రింగు టైమర్ కరెంటు పోయినా నడుస్తూనే ఉంటుంది, సున్నాకి చేరి లైను తెంచేస్తుంది. డైరెక్ట్ చేసిన మెషిన్‌లో స్విచ్ ఆపడం మరిచిపోతే, కరెంటు రాగానే ఎవరూ లేని ఇంట్లో దానంతటదే మొదలవుతుంది.

ఆ మెసేజ్‌లో ఒక్క మాట నిజం: “మెకానిక్ చెప్పగానే టైమర్ కొనకండి.” ఒప్పుకుంటాను. డ్రయర్ తిరగకపోతే చాలాసార్లు తప్పు మూత స్విచ్‌ది. మోటారు గుంయ్ మంటే ముందు కెపాసిటర్ చూడాలి.

టైమర్‌ని పరీక్షించాలంటే ప్లగ్ పీకి, వైర్లు విప్పి, మల్టీమీటర్‌ని కంటిన్యుటీలో (వైరు కలిసుంటే బీప్ అనే సెట్టింగులో) పెట్టండి. డ్రయర్ టైమర్ సున్నాలో బీప్ అనకూడదు, తిప్పగానే అనాలి. వాష్ టైమర్‌లో కామన్ వైరుకీ (కరెంటు లోపలికొచ్చేది) కుడి, ఎడమ దిశల వైర్లకీ మధ్య చూడండి: ఒకదానితో బీప్, కాసేపు నిశ్శబ్దం, తర్వాత రెండోదానితో బీప్. రెండిటితో ఒకేసారి మోగితే పాయింట్లు అతుక్కున్నాయి, అప్పుడు టైమర్ మార్చాల్సిందే. బీప్ తెగి తెగి వస్తే క్లీనర్‌తో ఒకసారి ప్రయత్నించండి. టైమర్ బాగుంటే నాబ్ చుట్టూ సబ్బునీళ్లు పడకుండా చూడండి, షాఫ్ట్ వెంట దిగిన తడితోనే లోపల తుప్పు మొదలవుతుంది.