జర్మన్ క్రీడా సమాఖ్య వారికి ఒక షటిల్ ఆటగాడి విన్నపం

ఫ్రాంక్‌ఫర్ట్‌లో కొలువున్న జర్మన్ ఒలింపిక్ క్రీడా సమాఖ్య వారికి,

నమస్కారం. మీ గొడుగు కింద సుమారు 86 వేల ఆటల సంఘాలున్నాయి కదా, వాటిలో ఒకదాని షటిల్ విభాగంలో ప్రతి గురువారం రాత్రి మూడో కోర్టులో బ్యాక్‌హ్యాండ్ కోసం తంటాలు పడే మనిషిని నేను. సొంతూరు తెనాలి. సంఘం పేరెందుకులెండి, మళ్లీ ఆ హాల్లోకే వెళ్లాలి.

మా ఊళ్లో షటిల్ ఆడాలంటే ఖాళీ జాగా, రెండు వెదురు గడలు, ఓ నెట్టు, బల్బుకి కరెంటు ఇచ్చే ఒక మంచి పొరుగింటాయన ఉంటే చాలు. మీ దేశంలో ఆడదామని వెళ్తే చేతిలో దరఖాస్తు పెట్టారు. ఫీజు నా ఖాతాలోంచి మీరే తీసుకోండని సంతకం పెట్టించుకున్నారు. చదువుకోమని నిబంధనావళి ఇచ్చారు. మా నాన్న ఇంటి దస్తావేజు దానికన్నా పల్చగా ఉంటుంది.

దీన్ని మీరు ఫెరైన్ అంటారు, మేం సంఘం అంటాం. మీ చట్టంలో ఏడుగురు కలిస్తే సంఘాన్ని రిజిస్టర్ చేయించుకోవచ్చట. మా దగ్గర ఏడుగురు కలిస్తే నలుగురు ఆడతారు, ఇద్దరు తమ వంతు ఎప్పుడని గొడవ పడతారు, ఒకడు స్కోరు తప్పు చెబుతాడు.

తప్పంతా మీ మీద వేయను. 1811లో బెర్లిన్‌లోని హాసెన్‌హైడెలో యాన్ అనే పంతులుగారు కుర్రాళ్లను పోగేసి కడ్డీల మీద కసరత్తు చేయించారు. 1819లో ఆయన్ని జైల్లో పెట్టారు. మరుసటి ఏడాది బెర్లిన్ రాజధానిగా ఉన్న అప్పటి జర్మన్ రాజ్యం ప్రష్యా ప్రభుత్వం ఆ వ్యాయామ మైదానాలనే నిషేధించి, 1842 దాకా మళ్లీ ఒప్పుకోలేదు. దండీలు, బస్కీలు తీస్తే రాజ్యం కూలుతుందని సర్కారే వణికిన చోట, ప్రతి ఆటకీ ఓ కాగితం సాక్ష్యం ఉండాలనుకోవడంలో వింతేముంది!

అన్ని ఆటలూ ఒకే చూరు కింద పెట్టే మీ పద్ధతి మాత్రం మావాళ్లకి ఓ పట్టాన ఎక్కదు. ఫుట్‌బాల్‌కి పేరుపడ్డ బాయర్న్ మ్యూనిక్ సంఘంలో చదరంగం విభాగం కూడా ఉందంటే మా తమ్ముడు నవ్వి ఫోన్ పెట్టేశాడు. చదరంగం సరే, మరి వీడియో గేములో? 2018లో మీరు కాదు పొమ్మన్నారు. కూర్చుని ఆడే చదరంగం ఆటే, కూర్చుని ఆడే వీడియో గేము ఆట కాదు. ఈ తేడా మా అబ్బాయికి వివరించే బాధ్యత నా నెత్తిన పడింది. వాడికి పదమూడేళ్లు. మీరొకసారి వచ్చి మాట్లాడి వెళ్లండి.

ఇక మేం ఆడేది బడివాళ్ల హాల్లో కాబట్టి, బడికి సెలవులిస్తే మా హాలుకీ సెలవులే. అందరూ తీరిగ్గా ఉండేది ఆ రోజుల్లోనే.

అసలు కథ సర్వసభ్య సమావేశంలో జరిగింది. ఫుట్‌బాల్, జూడో, ముసలమ్మల జిమ్నాస్టిక్స్, టేబుల్ టెన్నిస్, అన్ని విభాగాలూ ఒకే గదిలో. గంటన్నర లెక్కలు చదివారు. పదకొండు యూరోల తేడా మీద ఇరవై నిమిషాలు చర్చ. తర్వాత కోశాధికారి పదవికి ఎవరైనా ముందుకొస్తారా అని అధ్యక్షుడు అడిగాడు. గదిలో అందరూ ఒక్కసారిగా తమ బూట్ల వైపు చూసుకున్నారు.

నేను నిజంగా కంగారుపడ్డాను. ఆటల సంఘంలో కుర్చీ ఖాళీగా ఉండటం నా జన్మలో చూడలేదు. మా దేశంలో ఆ కుర్చీల కోసం కోర్టులకెక్కుతారు. ఎన్నికల గొడవలోనే 2012 డిసెంబరులో అంతర్జాతీయ ఒలింపిక్ కమిటీ మా ఒలింపిక్ సంఘాన్ని సస్పెండ్ చేసింది. 2014 సోచి ప్రారంభోత్సవంలో మా ఆటగాళ్లు మువ్వన్నెల జెండా లేకుండా నడిచారు. మీ దగ్గర చూస్తే కుర్చీని బతిమాలి అంటగడుతున్నారు! మావాళ్ల ఉత్సాహాన్ని మీకు ఎగుమతి చేయడానికి ఏదైనా ఒప్పందం కుదుర్చుకోవచ్చేమో చూడండి. మా దగ్గర అభ్యర్థులు మిగిలిపోతున్నారు.

ఆ నిశ్శబ్దం భరించలేక నేను దగ్గాను. అదే నా తప్పు. లెక్కల తనిఖీకి రెండో మనిషిగా నన్ను ఏకగ్రీవంగా ఎన్నుకుని బల్లల మీద పిడికిళ్లతో కొట్టారు. అది చప్పట్లని తర్వాత తెలిసింది.

ఒక్క మాట మాత్రం దాచలేను. నెల ఫీజు డబ్బుతో ఇక్కడ ఇద్దరికి బిర్యానీ రాదు. పిల్లలకు షటిల్ నేర్పే పెద్దాయన రిటైరైన పోస్ట్‌మాన్. మంచు కురిసినా అందరికన్నా పావుగంట ముందొచ్చి తాళం తీస్తాడు, ఆఖర్న లైట్లు ఆర్పుతాడు. మీరేమిస్తారని అడిగితే, క్రిస్మస్‌కి ఒక వైన్ సీసా ఇస్తారన్నాడు. లెక్కల్లో చూశాను, నిజమే, 6 యూరోల 49 సెంట్లు. రసీదు కూడా జతపరిచి ఉంది.

సంఘం వదిలి వెళ్లాలంటే సెప్టెంబరు నెలాఖరులోగా రాతపూర్వకంగా తెలపాలట. మూడేళ్లుగా అక్టోబరు మొదటి వారంలోనే గుర్తొస్తోంది.

చివరిగా ఒక సందేహం. వచ్చే శనివారం వేసవి సంబరం. కేకుల జాబితాలో నా పేరు రాసేశారు. నాకు కేకు చేయడం రాదు. పులిహోర పట్టుకొస్తే చెల్లుతుందా, లేక సర్వసభ్య సమావేశంలో సవరణ తీర్మానం పెట్టాలా? గురువారంలోగా చెబితే చింతపండు నానబెట్టుకుంటాను.

ఇట్లు,
సభ్యత్వ సంఖ్య 1147