సవరణ: మిషను అడిగితే రూపాయలు నొక్కకండి

సింగపూరు, దుబాయి వెళ్లే మన పర్లాకిమిడి వాళ్ల కోసం పోయిన వారం రాసిన పోస్టులో పెద్ద తప్పే దొర్లింది. అక్కడి దుకాణంలో కార్డు పెట్టాక మిషను రూపాయల్లోనా, సింగపూరు డాలర్లలోనా అని అడిగితే రూపాయలు నొక్కమన్నాను. ఎంత పోతోందో తెలుస్తుంది కదా అనుకున్నాను. డాలర్లే నొక్కాలి. దుబాయిలో అయితే దిర్హాములు.

రూపాయలు నొక్కితే మారకం రేటు కట్టేది మన బ్యాంకు కాదు, ఆ మిషను వైపు కంపెనీ. తన లాభం రేటులోనే కలిపేసుకుంటుంది. బిల్లు రూపాయల్లో ఉన్నా లావాదేవీ జరిగింది విదేశంలో గనక కొన్ని బ్యాంకులు తమ రుసుమూ వేస్తాయి. రెండు పక్కలా కోతే. డాలర్లు నొక్కితే బ్యాంకు మార్కప్ (మారకం మీద వేసే అదనపు రుసుము) ఒక్కటే, చాలా కార్డులకు 3.5 శాతం దాకా. ఏటీఎం అడిగినా ఇదే జవాబు.

మా పెద్దమ్మ కూతురు సింగపూరు నుంచి వచ్చి రసీదు నా ముందు పెట్టింది. "నీ మాట విన్నందుకు ఇదిగో అన్నయ్యా" అంది. మన ఊరి పక్కనే ఆంధ్రాలో ఉన్న పాతపట్నం వెళ్తే రాష్ట్రం మారుతుంది గానీ రూపాయి మారదు, నా అనుభవం అంతే మరి!

ఇంకోటి. కార్డు జేబులో ఉంటే చాలన్నాను, చాలదు. 2020 అక్టోబరు నుంచి ఇస్తున్న కార్డులు మనం ఆన్ చేస్తేనే విదేశాల్లో పనిచేస్తాయి. విమానం ఎక్కకముందే బ్యాంకు యాప్‌లో ఆ మీట చూసుకోండి. పాత పోస్టులో ఆ రెండు వాక్యాలూ కొట్టేశాను.