‘మగాడైతే షేర్ చెయ్’ అంటున్న హోమ్‌లాండర్ భక్తులకు

భీమవరం నుంచి అమలాపురం దాకా ఏ గ్రూపు తెరిచినా అదే మెసేజ్. ‘‘ద బాయ్స్ సిరీస్‌లో అసలు హీరో హోమ్‌లాండరే. భయపెట్టేవాడే నాయకుడు. మూడో సీజన్ నుంచి రాజకీయాలు దూర్చి పాడుచేశారు. హ్యూయీ చేతకానివాడు. కామిక్‌ని చెడగొట్టారు.’’ కింద ఎర్రకళ్ల ఫొటో, ‘‘మగాడైతే షేర్ చెయ్.’’ ఆయ్, చేస్తామండి. ముందు ఇది చదవండి. చూడనివాళ్లకి ఒక్క మాట: ద బాయ్స్ అంటే కామిక్ నుంచి తీసిన అమెరికన్ సిరీస్. అందులో సూపర్‌హీరోలే దుర్మార్గులు, హోమ్‌లాండర్ వాళ్ల నాయకుడు, హ్యూయీ వాళ్ల మీద తిరగబడ్డ మామూలు కుర్రాడు.

కామిక్ గొడవ ఒక్క ముక్కలో తేలిపోతుంది. స్టార్మ్‌ఫ్రంట్ అనే సూపర్‌హీరో కామిక్‌లో మగ, సిరీస్‌లో ఆడ. రెండు చోట్లా నాజీయే. పదండి.

రాజకీయాలు మూడో సీజన్లో దూరాయట. మరి మొదటి సీజన్ నాలుగో ఎపిసోడ్‌ని సౌండ్ కట్టేసి చూశారా? హైజాకైన విమానంలో కాక్‌పిట్ కంట్రోళ్లను హోమ్‌లాండర్ తన కంటి లేజర్‌తోనే కాల్చేస్తాడు. కొందరినైనా కాపాడదామని తోటి సూపర్‌హీరో మేవ్ బతిమాలితే, బతికినోళ్లు నిజం చెప్పేస్తారని అందర్నీ చావుకి వదిలేస్తాడు. తర్వాత శకలాలు కొట్టుకొచ్చిన ఒడ్డున నిలబడి, సూపర్‌హీరోల్ని సైన్యంలోకి తీసుకోవాల్సిందేనని కెమెరాల ముందు వాదిస్తాడు. పసిపిల్లలకి శక్తులు తెప్పించే కాంపౌండ్ వి మందు ఎక్కించి, దేవుడిచ్చిన శక్తులంటూ అమ్ముకునే వాట్ అనే సూపర్‌హీరోల కంపెనీ బండారం మనకి తెలిసేదీ ఆ సీజన్లోనే. ఇది రాజకీయం కాకపోతే వంటల ప్రోగ్రామా?

ఇక ‘‘భయపెట్టేవాడే నాయకుడు.’’ కుర్రాళ్లు స్టేటస్‌లు పెట్టుకుంటున్నది ఈ వాక్యాన్నే కాబట్టి దీన్ని వదిలేది లేదు.

రెండో సీజన్ ఐదో ఎపిసోడ్‌లో గుంపు తిట్టిపోస్తుంటే, హోమ్‌లాండర్ వాళ్లందర్నీ లేజర్‌తో కోసేసినట్టు ఊహించుకుంటాడు. ఊహే, చెయ్యి లేవదు. జనం మెచ్చుకోకపోతే ఒక పూట కూడా గడవదు వాడికి. ఆ సీజన్లోనే స్టార్మ్‌ఫ్రంట్ వాడికి, ప్రేమకంటే కోపాన్ని అమ్ముకోవడం చవకని నేర్పుతుంది. మూడో సీజన్ రెండో ఎపిసోడ్‌లో టీవీ లైవ్‌లో అదుపు తప్పి, ‘మీ అందరికంటే నేనే గొప్ప’ అని అరుస్తాడు. పరువు పోతుందనుకుంటే రేటింగు పెరుగుతుంది. అదే సీజన్ చివర, కొడుకు ర్యాన్ మీదికి డబ్బా విసిరినవాడి తల పేల్చేస్తాడు. ఒక్క క్షణం అందరూ నోళ్లు తెరుస్తారు. ఆపైన ఈలలు, కేకలు. అక్కడ వాడి మొహం ఆపి చూడండి: ముందు బెదురు, తర్వాత నవ్వు. ఇంతసేపూ మారుతూ వచ్చింది ఆ జనం. ఈ మెసేజ్ రాసినాయన కూడా వాళ్లలోనే ఎక్కడో నిలబడి ఈల వేస్తున్నాడు, తనకి తెలియదు పాపం.

అసలు బలమెక్కడిది? హోమ్‌లాండర్ పెరిగింది ల్యాబ్‌లో. చిన్నప్పుడు కొలిమిలో పెట్టి పరీక్షించినవాళ్ల మీద కక్ష తీర్చుకోడానికి నాలుగో సీజన్లో మళ్లీ అక్కడికే పోతాడు. కన్నతండ్రి, పాతకాలపు సూపర్‌హీరో సోల్జర్ బాయ్ దొరికితే, ఆయనేమో బలహీనుడివని మొహం మీదే ఛీకొడతాడు. హేచరీలో పుట్టి ఏరియేటర్ గాలికి పెరిగిన వెనామీ రొయ్యని సముద్రపు సొరచేప అంటే ఎలాగండీ?

ఆ నాయకత్వం ఎక్కడ తేలుతుందో కూడా చూపించారు. రెండో సీజన్ ఏడో ఎపిసోడ్ మొదట్లో ఒక కుర్రాడు స్టార్మ్‌ఫ్రంట్ మాటలు పొద్దస్తమానం బుర్రకెక్కించుకుంటాడు. చివరికి తను రోజూ వెళ్లే కొట్టులో మనిషినే శక్తులున్న టెర్రరిస్టనుకుని కాల్చేస్తాడు. వాడి దగ్గర ఏ శక్తులూ లేవు. ఫార్వర్డులు చాలాయి.

హ్యూయీ చేతకానివాడా? మూడో సీజన్లో వాడూ బలం రుచి మరిగి, కాసేపు శక్తులిచ్చే టెంప్ వి ఎక్కించుకున్నాడు. మూడు నుంచి ఐదు డోసులకే ప్రాణం తీసే మందది. ఆఖరి పోరులో మందు చేతిలో ఉండి కూడా పక్కన పెట్టి, స్టూడియో లైట్లు పెంచి, వెలుగు నుంచి బలం పొందే తన ప్రియురాలు ఆనీకి శక్తి అందిస్తాడు. అంతకన్నా ఎదిగిన పాత్ర ఈ సిరీస్‌లో పరుగుల సూపర్‌హీరో ఏ-ట్రెయిన్ ఒక్కడే.

ఒకటి మాత్రం ఒప్పుకోవాలి. నాలుగో సీజన్ బాగోలేదు. హోమ్‌లాండర్‌ని పడగొట్టే అవకాశం ప్రతిసారీ ఏదో వంకతో జారిపోతుంది. జనాన్ని రెచ్చగొట్టే ఫైర్‌క్రాకర్ పాత్రని వార్తల్లోంచి కత్తిరించి అతికించినట్టుంటుంది. టెక్ నైట్ అనే సూపర్‌హీరో నేలమాళిగలో హ్యూయీ మీద జరిగింది లైంగిక దాడి, దాన్ని కామెడీకి వాడుకున్నారు. తిట్టాలంటే అక్కడ తిట్టాలి. మగాడు, మగాడు అంటూ అంత రాసిన మెసేజ్‌లో దీని గురించి ఒక్క ముక్క లేదు.