ఆరడుగుల రెండంగుళాల ‘పొట్టోడు’ టైటిల్ గెలిపించలేడా?

అమెరికా బాస్కెట్‌బాల్ లీగ్ ఎన్‌బీఏలో టైటిల్ తేల్చే ప్లేఆఫ్స్ దగ్గర పడుతున్నాయంటే చాలు, మా వాట్సాప్ గ్రూపులో ఒక పాత ఫార్వర్డ్ మళ్లీ లేచి కూర్చుంటుంది. ‘జట్టులో అందరికన్నా మేటి ఆటగాడు పొట్టివాడైతే ఆ జట్టు ఛాంపియన్ కాలేదు. కావాలంటే చరిత్ర చూసుకోండి’ అని. ఈసారి పంపింది కాలిఫోర్నియాలోని ఫ్రీమాంట్‌లో ఉండే మా బావ. స్టెఫెన్ కరీ ఆడే గోల్డెన్ స్టేట్ వారియర్స్ సొంత గడ్డకి గంట దూరంలో కాపురం ఉంటూ ఈ మాట ఎలా పంపబుద్ధయిందో ఆయనకే తెలియాలి.

బావ ఒక్కడే అయితే నవ్వి ఊరుకునేవాణ్ణి. 2023 చివర్లో న్యూయార్క్ నిక్స్ జట్టు గురించి టీవీలో మాట్లాడుతూ మాజీ క్రీడాకారిణి, కోచ్ బెకీ హామన్ కూడా దాదాపు ఇదే అర్థం వచ్చేలా అంది. ఆవిడ ఎత్తు ఐదడుగుల ఆరంగుళాలే. ఆటలోనూ కోచింగ్‌లోనూ తలపండిన మనిషి అన్నాక, వాదనని తీసి పక్కన పడేయలేం.

ముందు పొట్టి అంటే ఎంతో తేల్చుకుందాం. ఎన్‌బీఏలో ఆరడుగుల మూడంగుళాలు, ఆ లోపు ఉంటే చిన్న గార్డు (బంతిని నడిపించే ఆటగాడు) కిందే జమ. మన వీధి చివర నిలబెడితే ఆజానుబాహుడనిపించే మనిషి అక్కడ పొట్టోడు!

‘చరిత్రలో ఒక్కడూ లేడు’ అన్నది మొదటి మాట. ఉన్నాడు. ఐజయా థామస్, ఆరడుగుల ఒక అంగుళం, డెట్రాయిట్ పిస్టన్స్. ఫైనల్స్ అంటే ఏడు మ్యాచ్‌ల సిరీస్, ముందు నాలుగు గెలిచినవాళ్లదే టైటిల్. 1988 ఫైనల్స్ ఆరో మ్యాచ్‌లో, ఒక్కటి గెలిస్తే టైటిల్ తమదే అన్న స్థితిలో, మూడో క్వార్టర్‌లో అతని చీలమండ మెలిక పడింది. బయటికెళ్లి మళ్లీ వచ్చాడు. ఒక కాలు నేలకి ఆనీ ఆనకుండా కుంటుతూ, షాట్ వేసిన ప్రతిసారీ ఒంటికాలి మీద వెనక్కి గెంతుతూ, ఆ ఒక్క క్వార్టర్‌లోనే 25 పాయింట్లు కొట్టాడు. మొత్తం 43. అయినా ప్రత్యర్థి లేకర్స్ 103–102తో బయటపడ్డారు, ఏడో మ్యాచ్ కూడా వాళ్లదే. ఏడాది తిరిగేసరికి పిస్టన్స్ అదే లేకర్స్‌ని 4–0తో ఊడ్చేశారు. 1990లో పోర్ట్‌లాండ్ మీద రెండో టైటిల్. ఆ సిరీస్‌లో ఐజయా సగటు 27.6 పాయింట్లు, ఫైనల్స్ ఎంవీపీ (మేటి ఆటగాడి అవార్డు) అతనే.

ఇక స్టెఫెన్ కరీ. ఆరడుగుల రెండంగుళాలు, నాలుగు టైటిళ్లు.

ఇక్కడికొచ్చేసరికి రెండో మాట బయటికొస్తుంది: ‘వాళ్లకి పక్కన దన్ను ఉంది. ఐజయాకి డ్యూమర్స్, కరీకి డురాంట్.’ సరే, 1989 ఫైనల్స్ ఎంవీపీ జో డ్యూమర్సే, కాదనను. అతనెంత పొడుగు? ఆరడుగుల మూడంగుళాలు. అంటే పొట్టోడికి ఇంకో పొట్టోడు తోడయ్యాడు, అంతే. వాదన బలపడిందా, నీరుగారిందా? ఇక డురాంట్ 2017, 2018ల్లో ఉన్నాడు. 2015లో లేడు, 2022లో లేడు. పక్కన ఎవరూ లేకుండా గెలిచింది ఎవరు? జోర్డాన్‌కి పిపెన్ ఉన్నాడు, మ్యాజిక్‌కి కరీమ్ ఉన్నాడు. పొడుగువాడి పక్కనుంటే ‘మంచి జట్టు’, పొట్టివాడి పక్కనుంటే ‘ఊతకర్ర’. ఈ రెండు తూకపురాళ్ల వ్యవహారం నాకు నచ్చదు.

మూడో మాటలో మాత్రం పస ఉంది. చిన్న గార్డు డిఫెన్స్‌లో చిల్లు అన్నది. ప్లేఆఫ్స్‌లో ప్రత్యర్థి అతన్ని వెతికి పట్టుకుంటాడు. అతను ఎవర్ని కాస్తున్నాడో ఆ మనిషిని పిలిచి స్క్రీన్ పెట్టిస్తారు, అంటే కాపలావాడి దారికి అడ్డంగా నిలబెడతారు; స్విచ్ అవుతుంది, అంటే కాపలావాళ్లు మనుషుల్ని మార్చుకుంటారు; పొట్టివాడు బంతి పట్టుకున్న మొనగాడి ముందు ఒంటరిగా మిగులుతాడు. మళ్లీ మళ్లీ అదే. వారియర్స్, క్లీవ్‌లాండ్‌ల మధ్య 2016 ఫైనల్స్ ఏడో మ్యాచ్ చివరి నిమిషంలో జరిగింది ఇదే. స్కోరు 89–89. వారియర్స్ ఆటగాడు క్లే థాంప్సన్‌కి క్లీవ్‌లాండ్ ఆటగాడు జేఆర్ స్మిత్ స్క్రీన్ పెట్టాడు, కరీ స్విచ్ అయి ఎదురొచ్చాడు. బంతి పట్టుకున్న క్లీవ్‌లాండ్ ఆటగాడు కుడివైపు రెండు అడుగులు ఊగి, వెనక్కి జరిగి, కరీ చేతి మీదుగా మూడు పాయింట్ల షాట్ వేశాడు. క్లీవ్‌లాండ్ 93–89.

ఇంతకీ ఆ షాట్ వేసింది కైరీ ఇర్వింగ్. అతనూ ఆరడుగుల రెండంగుళాలవాడే!

చిల్లు ఉంది, నిజమే. దాన్ని పూడ్చడం కోచ్ పని: అతన్ని అవతలి జట్టులో అందరికన్నా తక్కువ స్కోర్ చేసేవాడి మీద పెట్టడం, వెనక వారియర్స్ డిఫెండర్ డ్రేమండ్ గ్రీన్ లాంటివాణ్ణి కాపలా ఉంచడం. పైగా అవతలి వాళ్ల చిల్లు సంగతేమిటి? కరీ ముప్పై అడుగుల దూరం నుంచి వేస్తాడు కాబట్టి ఏడడుగుల సెంటర్ (రింగు దగ్గర కాపలా కాసే పొడుగు ఆటగాడు) రింగు కింది చోటు వదిలి బయటికి రాక తప్పదు. అక్కడ పొడుగే బరువు. 2022 ఫైనల్స్‌లో వారియర్స్ మీద బోస్టన్ 2–1 ఆధిక్యంలో ఉంది. మూడో మ్యాచ్‌లో కరీ కాలి మీద బోస్టన్ ఆటగాడు హార్ఫర్డ్ పడ్డాడు కూడా. నాలుగో మ్యాచ్‌లో కరీ 43 పాయింట్లు, 10 రీబౌండ్లు (గురి తప్పిన బంతుల్ని పట్టడం). ఆరో మ్యాచ్‌కి సిరీస్ వారియర్స్‌దైపోయింది, ఫైనల్స్ ఎంవీపీ అతనే.

నాలుగోది ఫిలడెల్ఫియా గార్డు ఐవర్సన్. ‘ఆరడుగుల ఐవర్సన్ ఓడిపోయాడుగా’ అంటారు. 2001లో లేకర్స్ ప్లేఆఫ్స్ మొత్తం మీద ఓడింది ఒక్కటే మ్యాచ్, అదీ ఐవర్సన్ 48 పాయింట్లు కొట్టిన ఫైనల్స్ మొదటి మ్యాచ్. తర్వాత నాలుగూ లేకర్స్ సెంటర్ షాక్ (షకీల్ ఓనీల్) లాగేసుకున్నాడు. షాక్‌ని ఆపాల్సిన బాధ్యత ఐవర్సన్‌ది కాదు, ఆ ఏడు ఉత్తమ డిఫెండర్ అవార్డు తీసుకున్న అతని జట్టు సెంటర్ డికెంబే ముటోంబోది. ముటోంబో పొడుగు ఏడడుగుల రెండంగుళాలు. మరి ఆ ఓటమి ఏ అంగుళాల పద్దులో రాస్తాం బావా?

‘సరే, ఉన్నా తక్కువమందేగా’ అన్నది ఆఖరి ఆశ్రయం. తక్కువే. కానీ పొడుగువాళ్లలో మాత్రం ఎంతమంది? 1957–1969 మధ్య 13 టైటిళ్లలో 11 బిల్ రసెల్ జట్టువే. 1991–1998 మధ్య 8లో 6 జోర్డాన్ జట్టువి. టైటిళ్లు పట్టుకుపోయేది ఎప్పుడూ గుప్పెడుమందే. ఆ గుప్పెడులో లేని ఏడడుగుల వాళ్లని డజన్లకొద్దీ లెక్కపెట్టొచ్చు.

ఒకటి మాత్రం బావకి ఒప్పుకున్నాను. ఆరడుగుల లోపు మనిషి ముందుండి టైటిల్ గెలిపించిన దాఖలా నాకూ దొరకలేదు. దగ్గరగా వచ్చినవాడు ఇంకో ఐజయా థామస్, ఇంగ్లీషు స్పెల్లింగ్‌లో ఒక అక్షరం తేడా, ఐదడుగుల తొమ్మిదంగుళాలు. 2016–17లో బోస్టన్‌కి మ్యాచ్‌కి 28.9 పాయింట్ల సగటు, ప్లేఆఫ్స్‌లో వాషింగ్టన్ మీద ఒకే మ్యాచ్‌లో 53. ఫైనల్స్‌కి ముందు రౌండ్ అయిన కాన్ఫరెన్స్ ఫైనల్స్‌లో తుంటి దెబ్బకి కూలబడ్డాడు. ఆ వేసవిలోనే బోస్టన్ అతన్ని క్లీవ్‌లాండ్‌కి ఇచ్చేసి, బదులుగా తెచ్చుకుంది కైరీ ఇర్వింగ్‌ని.